తొక్కి పట్టుకునే మనిషి

పోయిన ఏడాది షెడ్డు మూసేశాను. ఎందుకు మూశావని అడిగినవాళ్లకు షుగరు అని చెప్పాను. అది నిజమే, కానీ సగమే. మిగతా సగం రేపల్లె కోటయ్య కారు. ముగ్గురు కిడ్నీ రోగులను రోజు విడిచి రోజు తెనాలికి డయాలసిస్‌కు తీసుకొచ్చే కారు అది. దాని బ్రేకులు నేనే చేశాను. ఒక్కణ్నే, నేను తయారు చేసుకున్న పంపుతో. ఆ పనిలో ఎక్కడ తప్పు జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఉపయోగపడాలని కోరిక. పడకపోయినా, ఒకసారి కాగితం మీద పెడితే రోజూ మోయక్కర్లేదని ఆశ.

నా వయసు యాభై ఆరు. చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. మస్తాన్ మేస్త్రీ దగ్గర పదకొండేళ్లు, తెనాలి నుంచి రేపల్లె పోయే రోడ్డు మీద నా సొంత షెడ్డులో ఇరవై రెండేళ్లు. ఇంజన్ల జోలికి పోలేదు. బ్రేకులు, అంతే. రోజుకు సగటున రెండు బళ్లు వేసుకున్నా, సొంత షెడ్డులోనే పదమూడు వేలు దాటతాయి. వాటిలో నేను తప్పుగా చేసి పంపినవి నాకు తెలిసి ఐదు. తెలియనివి ఎన్నో నాకు తెలియదు. ఈ పనిలో మనిషిని అలసిపోయేలా చేసేది ఆ రెండో అంకే. నడుము నొప్పి కాదు.

మూడు మాటలు

పని తెలియనివాళ్ల కోసం ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. బ్రేకు పెడల్ తొక్కితే సన్నని గొట్టాల్లో ఉన్న ఆయిల్ చక్రాల దగ్గరికి ఆ బలాన్ని మోసుకుపోతుంది. ఆయిల్ నొక్కితే నలగదు. గాలి నలుగుతుంది. గొట్టంలో గాలి బుడగ చేరితే మన బలమంతా ఆ బుడగను నలపడానికే ఖర్చవుతుంది, చక్రం ఆగదు. అందుకని ప్రతి చక్రం దగ్గరా ఉండే చిన్న మర, దాన్ని నిపిల్ అంటాం, వదులు చేసి ఆ గాలిని బయటికి పంపాలి. గాలి తీయడం అంటే ఇదే.

ఇది ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. రెండోవాళ్లు చక్రం దగ్గర పడుకుని మర విప్పాలి, గాలి పోయాక మళ్లీ బిగించాలి. బిగించిందాకా పైవాళ్లు కాలు తీయకూడదు. తీస్తే పోయిన గాలి పోయినట్టే తిరిగొస్తుంది.

మస్తాన్ మేస్త్రీ దగ్గర చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తెనాలిలో ఆయన దగ్గర పనిచేసినవాళ్లందరికీ మూడు మాటలు నోటికి రావాలి. తొక్కినవాడు కాలికి ఏం తగిలిందో ఆ మూడింటిలో ఒకటి అరవాలి. గట్టిగా ఉంటే ‘రాయి’. సాగుతున్నట్టుంటే ‘రబ్బరు’. దిగిపోతుంటే ‘బురద’. నాలుగో మాట ఉండకూడదు.

చేరిన వారంలోనే నేను, “బానే ఉంది మేస్త్రీ” అన్నాను.

కారు కింద నుంచి స్పానర్ చప్పుడు ఆగిపోయింది. “ఏంట్రా బానే ఉంది? నీ ఆరోగ్యం అడిగానా నేను?”

“అంటే... గట్టిగానే ఉంది మేస్త్రీ.”

“గట్టిగా ఉంటే రాయి అను. పెళ్లిచూపులకొచ్చినట్టు ఆ నసుగుడేంటి?”

ఆయనకు చదువు రాదు. బుడగలు ఎన్ని పోయాయో లెక్కపెట్టేవాడు కాదు. ఆ లెక్క నేను మొదలుపెట్టాను. వెనక ఎడమ చక్రం దూరం కాబట్టి అక్కడ ఎక్కువ ఆయిల్ పోవాలి, ముందు కుడిది దగ్గర కాబట్టి తక్కువ అని సీసా మీద గీతలు పెట్టుకుని రాసేవాణ్ని. మేస్త్రీ ఆ గీతలు చూసి నవ్వేవాడు. “రాసుకో రా శేషగిరీ, మంచిదే. కానీ సీసా తొక్కదు.”

ఆ మాట అప్పట్లో నాకు ఎగతాళిగానే వినపడింది.

బాపట్లలో విరిగిన మర

బాపట్ల నుంచి ఒక లెక్చరర్ గారు కబురు పెట్టారు. కారు కదిలే స్థితిలో లేదు, వచ్చి చూడమన్నారు. మేస్త్రీ నన్ను ఒక్కణ్నే రైలెక్కించాడు. సముద్రం పక్క ఊళ్లో బండికి బ్రేకు పని చేయడం అదే మొదటిసారి. ఆ ఉప్పుగాలి ఇనుమును ఎలా తినేస్తుందో నాకు తెలియదు. వెనక చక్రం నిపిల్‌కు పదో నంబరు స్పానర్ పెట్టి ఒక్క లాగు లాగాను. టక్‌మని తల విరిగి చేతిలోకి వచ్చింది.

లెక్చరర్ గారు అప్పుడు సీట్లో కూర్చుని పెడల్ మీద కాలు పెట్టి ఉన్నారు. “ఏంటయ్యా ఆ చప్పుడు?” అన్నారు.

“ఇది ముందే విరిగి ఉందండి,” అన్నాను.

విరిగిన ముక్క జేబులో వేసుకుని తెనాలి వచ్చి మేస్త్రీకి కూడా అదే చెప్పాను. ఆయన ముక్కను వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు.

“ఎప్పుడో విరిగిందంటావ్.”

“అవును మేస్త్రీ.”

“చుట్టూ తుప్పు, మధ్యలో ఇంత మెరుపెక్కడిదిరా? ఇది ఇవాళ పుట్టిన మెరుపు.” ముక్క నా చేతిలో పెట్టాడు. “రేపు పొద్దున రైలుకి పో. ఆ మర ఉండే సిలిండర్ కొత్తది పట్టుకుపో. పని మొదలెట్టకముందు మాత్రం ఆయనకి నిజం చెప్పు.”

మర్నాడు వెళ్లి చెప్పాను. చెప్పేటప్పుడు ఆయన ముఖం కాకుండా గేటు వైపు చూస్తున్నాను. ఆయన అన్నది ఇది: “నాకు తెలుసయ్యా. చప్పుడు విన్నా కదా. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా.”

సముద్రం పక్క బళ్లకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రెండు రోజులు నానబెట్టాలి, లాగేముందు స్పానర్ మీద చిన్న సుత్తితో పది దెబ్బలు మెల్లగా వేయాలి. ఆ సంగతి అక్కడే నేర్చుకున్నాను. రెండోది నేర్చుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మన పని ఎలా ఉందో బండిలో కూర్చున్నవాళ్లకు ముందే తెలుస్తుంది. వాళ్లు చెప్పకపోవచ్చు, అంతే.

నాగమణి కాలు

సొంత షెడ్డు పెట్టుకున్నాక పెడల్ తొక్కడానికి మనిషి కావాలి. ఇల్లు షెడ్డు వెనకే. నా భార్య నాగమణిని పిలిచేవాణ్ని. ఆమెకు డ్రైవింగ్ రాదు. స్టీరింగ్ ఎటు తిప్పితే బండి ఎటు పోతుందో పట్టుబడలేదు. కానీ మస్తాన్ మేస్త్రీ మూడు మాటలు పావుగంటలో పట్టేసింది.

“తొక్కు.”

“తొక్కా.”

“పట్టుకో.”

“పట్టుకున్నా. అక్కడ పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది, తొందరగా కానీండి.”

“అడుగంటనీ. ఎలా ఉంది?”

“రబ్బరు. మా ఆడపడుచు మాట లాగుంది, ఎంతైనా సాగుతుంది.”

ఆ ఆడపడుచు నా చెల్లెలే. కారు కింద ఉన్నాను కాబట్టి జవాబు చెప్పే వీలు ఉండేది కాదు. ఆమె అలాంటి మాటలన్నీ నేను కింద ఉన్నప్పుడే అనేది.

నా పని నిదానం. మర విప్పి, బుడగలు చూసి, బిగించి, తుడిచి, గొట్టం తీసేసరికి నిమిషం పట్టేది. అంతసేపూ ఆమె తొక్కి పట్టుకునే ఉండేది. “ఎంతసేపండీ, పిక్క పట్టేస్తోంది” అనేది గానీ కాలు తీసేది కాదు. ఏడాదికి రెండు మూడు సార్లు, మర బిగించి ఉన్నా సరే, “ఏవండీ, ఇది మెల్లగా దిగుతోంది, బురద” అనేది. అప్పుడు పెడల్ వెనక ఉండే మాస్టర్ సిలిండర్ విప్పి చూస్తే లోపలి రబ్బరు అరిగి ఉండేది. కొత్తది వేసేవాణ్ని. జబ్బు పట్టుకున్నది నేనే అనుకునేవాణ్ని. అలా పన్నెండేళ్లు గడిచాయి.

తర్వాత ఆమెకు అంగన్‌వాడీలో ఆయా పని వచ్చింది. పొద్దున తొమ్మిదికి పోతే నాలుగింటికి గానీ రాదు. షెడ్డు ముందు నుంచి పోయేవాళ్లను బతిమాలడం మొదలుపెట్టాను. కొందరు చకచకా తొక్కి వదిలేసేవాళ్లు. కొందరు బ్రేకు కాదు, క్లచ్ తొక్కేవాళ్లు. ఒకరోజు పక్క టీ కొట్టాయన కూర్చున్నాడు. మూడు చక్రాలు అయిపోయాయి, నాలుగోది మర విప్పి ఉంది. ఆయన ఫోన్ మోగింది.

“ఒక్క నిమిషం మేస్త్రీ, మా బావమరిది,” అంటూ కాలు తీసి దిగిపోయాడు.

గొట్టంలోంచి గాలి జర్రుమని లోపలికి పోవడం నేను కింద పడుకుని విన్నాను. మళ్లీ మొదటి చక్రం నుంచి మొదలుపెట్టాలి. అప్పటికి మధ్యాహ్నం రెండు. లేవాలనిపించలేదు. కాసేపు అలాగే పడుకుని కారు అడుగు చూస్తూ ఉండిపోయాను. ఇంక ఎవరినీ పిలవకూడదని అప్పుడే అనుకున్నాను.

పంపు

మా వైపు ప్రతి ఇంట్లో పురుగుమందు కొట్టే చేతి పంపు ఒకటి ఉంటుంది. పైన పిడి నొక్కితే డబ్బాలో గాలి ఒత్తిడి చేరి మందు చిమ్ముతుంది. దానిలో మందు బదులు బ్రేకు ఆయిల్ పోసి, దాని గొట్టాన్ని కారు ఆయిల్ డబ్బా మూతకు బిగిస్తే, ఆ ఒత్తిడే ఆయిల్‌ను పై నుంచి తోస్తుంది. కింద మర విప్పితే చాలు, గాలి తనంతట తను బయటికి వస్తుంది. పెడల్ తొక్కే మనిషి అక్కర్లేదు.

చెప్పినంత తేలిగ్గా రాలేదు. మొదటి పంపు మా బావమరిది మిరపతోటలో వాడినది. నీళ్లతో కడిగి వాడాను. రెండు తప్పులు. మందు వాసన పోలేదు, తడి పూర్తిగా ఆరలేదు. బ్రేకు ఆయిల్‌లో నీళ్లు కలిస్తే వేడికి ఆవిరై అదే మళ్లీ గాలి అవుతుంది. ముందు నా సొంత పాత వ్యాన్ మీదే చూశాను కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రెండోది కొత్త పంపు, రెండు లీటర్లది. దానిలో రబ్బరు వాషర్లు మూడో రోజుకే ఉబ్బి పిడి ఇరుక్కుపోయింది. బ్రేకు ఆయిల్‌కు మామూలు రబ్బరు ఆగదు. బ్రేకు సిలిండర్లలో వేసే రబ్బరు కప్పులే కోసి వాషర్లుగా వేశాను. అవి ఆగాయి. ఒత్తిడి చూపే ఒక ముల్లు మీటరు బిగించాను. ముప్పై దాకా కొట్టి చూస్తే మూత పక్క నుంచి ఆయిల్ చిమ్మి వ్యాన్ రంగు లేచిపోయింది. ఇరవైకి చెమ్మ కనపడింది. పదిహేనుకు ఏమీ లేదు. పదిహేను దగ్గర మీటరు మీద ఎర్ర గీత పెట్టాను. బండ్ల రకాన్ని బట్టి ఆరు మూతలకు కన్నాలు వేసి గొట్టాలు బిగించి పెట్టుకున్నాను. మూత తీసేముందు ఒత్తిడి వదలాలి. ఇది మర్చిపోయినవాడి కళ్లకు తగిలేది ఆయిలే.

ఇద్దరితో నలభై నిమిషాలు పట్టే పని ఒక్కడికి పాతిక నిమిషాల్లో అయ్యేది. ఎవరి బావమరిదీ ఫోన్ చేయడు. చివర్లో స్టీరింగ్ కింది అంచు నుంచి పెడల్ దాకా ఒక చెక్క స్కేలు పెట్టి, తొక్కక ముందు ఎంత, తొక్కాక ఎంత అని చూసి పుస్తకంలో రాసేవాణ్ని. ఈ రెండింటి తేడా ఆరు సెంటీమీటర్ల లోపు ఉంటే బండి పంపేయడమే. రాయి, రబ్బరు, బురద అన్నవి మాటలు. ఆరు అన్నది అంకె. మస్తాన్ మేస్త్రీ అప్పటికి లేడు. ఉంటే ఆయనకు ఈ పంపు చూపించి ఒకసారి నెగ్గాలని ఉండేది.

పంపు మంచిదే. ఇప్పుడూ అదే మాట అంటాను. ఏడేళ్లు దాంతో పనిచేశాను. తప్పు పంపుది కాదు.

కోటయ్య చెప్పిన సగం మాట

కోటయ్య నా షెడ్డుకు పదేళ్లుగా వచ్చే మనిషి. మొదట పెళ్లిళ్లకు తిప్పేవాడు. తర్వాత డయాలసిస్ వాళ్లను తీసుకురావడం మొదలుపెట్టాడు. ముగ్గురు. వాళ్లలో సుబ్బమ్మ గారని ఒక పెద్దావిడ ముందు సీటు వెనకే కూర్చునేది. తిరిగి వెళ్లేటప్పుడు ముగ్గురూ వాడిపోయి సీట్లకు ఆనుకుని ఉంటారు, గతుకు వస్తే పట్టుకునే ఓపిక కూడా ఉండదు అనేవాడు. అందుకే బ్రేకు విషయంలో వాడికి పట్టింపు ఎక్కువ.

పోయిన ఏడాది కోతల రోజుల్లో, వంతు మధ్యాహ్నానికి మారిన ఒక రోజు వాళ్లను ఆస్పత్రిలో దింపి నేరుగా వచ్చాడు.

“అన్నా, బ్రేకు కాస్త లోతుగా పోతోంది. చూడవా?”

“లోతుగా అంటే ఎంత?”

“ఎంతంటే ఏం చెప్పను? గట్టిగా తొక్కితే ఆగుతోంది. మెల్లగా తొక్కి పట్టుకుంటేనే... ఏంటో అన్నా, కాలు కింద జారుతున్నట్టుంటది. నా అనుమానమేమో.”

“సరే, చూస్తా.”

నా పుస్తకంలో ‘లోతు’ అని రాసుకున్నాను. లోతు కొలవొచ్చు. జారుతున్నట్టుంటది అన్నదానికి నా పుస్తకంలో గడి లేదు. రాయలేదు.

పంపు పెట్టాను. పదిహేను. నాలుగు చక్రాలూ వరసగా చేశాను. ఆయిల్ నల్లగా ఉంది, బుడగలూ వచ్చాయి. తేటగా వచ్చిందాకా వదిలాను. ముందు స్కేలు మీద తొమ్మిదిన్నర ఉన్నది, తర్వాత ఐదున్నరకు వచ్చింది. పెడల్ నేనే తొక్కాను. గట్టిగానే ఉందనిపించింది. మూడున్నరకు బండి ఇచ్చాను. నాగమణి ఇంకా అంగన్‌వాడీ నుంచి రాలేదు. ఓ అరగంట ఆగితే వచ్చేదే. పిలవాలన్న ఆలోచనే రాలేదు.

ధాన్యం రాశి

ఒక రోజు విడిచి మర్నాడు పొద్దున వాళ్లు రేపల్లెలో బయల్దేరారు. భట్టిప్రోలు దాటాక కాలవ వంతెన దిగుతుంటే ముందు ధాన్యం బస్తాల ట్రాక్టర్ పోతోంది. రోడ్డులో ఎడమ సగం పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా వైపు కోతల కాలంలో ఏ రోడ్డూ పూర్తిగా రోడ్డు కాదు. కోటయ్య ట్రాక్టర్ వెనకే, పల్లానికి బ్రేకు మెల్లగా తొక్కి పట్టుకుని పోతున్నాడు. పట్టుకున్న కాలు పట్టుకున్నట్టే కిందికి దిగిపోయింది.

తర్వాత వాడు చెప్పినట్టే రాస్తున్నాను. ట్రాక్టర్ ఆగింది. వాడు రెండుసార్లు టకటకా తొక్కాడు. కొంచెం పట్టింది, మళ్లీ దిగింది. కుడివైపు ఎదురుగా బస్సు. ఎడమవైపు వడ్లు, వాటి చివర కుప్పగా ఎగదోసిన రాశి. స్టీరింగ్ ఎడమకు తిప్పేశాడు. కారు వడ్ల మీద జారుతూ పోయి రాశిలో ముందు చక్రాల దాకా దిగబడి ఆగింది.

రాశి తాలూకు రైతు పార పట్టుకుని తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. “కళ్లు నెత్తికెక్కాయా ఏంట్రా? వడ్లు కనపడట్లా?” లోపల ఉన్నవాళ్లను చూశాడు. సుబ్బమ్మ గారి నుదురు ముందు సీటుకు కొట్టుకుని రక్తం కారుతోంది. ఆయన పార పక్కన పడేశాడు. “వడ్లు పోతే పోయినయ్యిలే. ముందు వాళ్లని దింపు బాబాయ్, ఆటో పిలుస్తా,” అన్నాడు.

మిగతా ఇద్దరికీ దెబ్బలేమీ తగల్లేదు. సుబ్బమ్మ గారికి మూడు కుట్లు పడ్డాయి. ఆవిడ కుట్లు వేయించుకుంటూ అందట: “రక్తం కడిగించుకుందామని బయల్దేరితే దార్లోనే కొంత తీసేశావేంటయ్యా కోటయ్యా.” అందరూ నవ్వారట. కోటయ్య నవ్వలేదు. నాకు చెప్పేటప్పుడు కూడా నవ్వలేదు.

దిగుతోంది

ఆ మధ్యాహ్నం మూడింటికి కారును ట్రాక్టర్‌కు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చారు. బంపర్ సందుల్లో వడ్లు. కోటయ్య అరుస్తాడనుకున్నాను. వాడు బెంచీ మీద కూర్చున్నాడు.

“అన్నా, ఒక్కటడుగుతా. నువ్వు తొక్కి చూశావా?”

“చూశాను.”

“నీ కాలితోనే?”

“నా కాలితోనే.”

అది అబద్ధమైతే బావుండేది. సిలిండర్ పాతదనొచ్చు, ఈ రెండు రోజుల్లో అరిగిందనొచ్చు. బాపట్లలో చెప్పిన మాట లాంటిది నాలుక దాకా వచ్చింది కూడా. కానీ వాడు నాకు ముందే చెప్పాడు కదా, జారుతున్నట్టుందని. నేనే రాసుకోలేదు. ఆ మాటే వాడితో అన్నాను: “నువ్వు చెప్పిన దాంట్లో సగమే విన్నాను కోటయ్యా. మిగతా సగం వదిలేశాను.”

వాడు తల వంచుకుని చక్రంలో ఇరుక్కున్న వడ్లు ఒక్కొక్కటే పీకుతున్నాడు. “వాళ్ల ముగ్గురికీ నేనేం చెప్పాలన్నా?” అన్నాడు.

నాలుగుకు నాగమణి వచ్చింది. సంచి పక్కన పెట్టి, బంపర్‌లో వడ్లు చూసి, వచ్చి సీట్లో కూర్చుంది. పదేళ్ల తర్వాత. ఇంజన్ ఆన్ చేయించి, “తొక్కు” అన్నాను.

“తొక్కా. రాయి.”

స్కేలు పెట్టాను. ఐదున్నర. మొన్న రాసిందే. నేను కోటయ్య వైపు చూశాను.

“ఆగండి,” అంది నాగమణి. ఇంకా కాలు తీయలేదు. “మెల్లగా నొక్కి పట్టుకున్నా... దిగుతోందండీ. మెల్లగా. ఇంకా దిగుతోంది. బురద.”

మళ్లీ స్కేలు పెట్టాను. ఏడు. ఎనిమిది. నా కళ్ల ముందే అంకె మారుతోంది. తొక్కగానే కొలిచాను గానీ, తొక్కి పట్టుకుని ఎప్పుడూ కొలవలేదు. పంపు పదిహేను ఒత్తిడితో ఆయిల్ తోస్తుంది. అరిగిన సిలిండర్ ఆ కాస్త ఒత్తిడికి బయటపడదు. దాన్ని పట్టేది నిమిషం పాటు కదలకుండా ఉండే కాలు. అన్నేళ్లూ కారు కింద నేను మరతో కుస్తీ పడుతుంటే, పైన ఆమె ఆ పరీక్ష చేస్తూ ఉండేది. అది పని అని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మనిషిని తీసేసి పంపు పెట్టినప్పుడు ఆ పరీక్ష కూడా పోయింది.

“నువ్వు దిగు,” అని నేను కూర్చున్నాను. అదే పెడల్. మెల్లగా నొక్కి పట్టుకున్నాను. కళ్లు మూసుకుని ముప్పై లెక్కపెట్టాను. నా కాలికి ఏమీ దిగలేదు. గట్టిగానే ఉంది.

“ఎక్కడ దిగుతోంది? రాయే కదా!” అన్నాను.

“ఏవండీ,” అంది నాగమణి, “మీ కాలు నేలకి ఆనింది.”

కళ్లు తెరిచి చూశాను. పెడల్ అడుగంటి ఉంది.

ఆమె కిందికే చూస్తోంది. “మీ కుడికాలి చెప్పు ఏదీ?”

చెప్పు లేదు. వెనక్కి తిరిగి చూస్తే షెడ్డు వాకిట్లో, పంపు దగ్గర పడి ఉంది. అక్కడి నుంచి కారు దాకా పన్నెండు అడుగులు. ఇనుప రజను, బోల్టుల మీద నుంచి ఒంటి చెప్పుతో నడిచి వచ్చాను. నాకు తెలియలేదు. పాదం కింద కోసుకుపోయి కూడా ఉంది. కోటయ్య లేచి వెళ్లి ఆ చెప్పు తెచ్చి నా కాలి దగ్గర పెట్టాడు.

ఆ వారం డాక్టరు దగ్గరికి వెళ్లాను. కళ్లు మూసుకోమని, సన్నని తీగ లాంటిదాంతో పాదం మీద పది చోట్ల ముట్టుకున్నాడు. ముట్టినప్పుడల్లా చెప్పమన్నాడు. నేను నాలుగుసార్లు చెప్పాను. షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది, మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకునేవాణ్ని. పదికి నాలుగు. నా జీవితంలో నేను వాదించలేని అంకె అదొక్కటే.

చివరి బండి

కోటయ్య కారుకు కొత్త మాస్టర్ సిలిండర్ వేశాను. పంపుతోనే గాలి తీశాను, పదిహేను దగ్గర, నాలుగు చక్రాలూ. తర్వాత ఇంజన్ ఆన్‌లో పెట్టి నాగమణి తొక్కి పట్టుకుంది. నేను పైకే ముప్పై లెక్కపెట్టాను. అయిపోయాక కోటయ్య, “ఇంకో ముప్పై,” అన్నాడు. అదీ లెక్కపెట్టాను.

“రాయి,” అంది నాగమణి. “ఇంక దిగనా? పిక్క పట్టేసింది.”

నేను చేసిన చివరి బండి అది. రేపల్లె వెళ్లి సుబ్బమ్మ గారికి నిజం చెప్పి వచ్చాను. ఆవిడ నుదుటి మీద కుట్లు తడుముకుంటూ, “రేపు కూడా ఆ కార్లోనే పోతన్నాం కదయ్యా, ఇప్పుడు బాగుందా?” అని మాత్రం అడిగింది. బాగుందన్నాను. ఎవరు చూశారంది. నా భార్య అన్నాను. అయితే సరే అంది.

పంపు కోసం వడ్లమూడి నుంచి, అంగలకుదురు నుంచి మెకానిక్కులు వస్తుంటారు. ఎలా చేశావో చూపించమంటారు. చూపిస్తాను. వాషర్లు ఏవి వేయాలో, ముల్లు ఎక్కడ ఆపాలో చెప్తాను. ఒంటరిగా పనిచేసేవాడికి అది నిజంగా సాయం. కానీ బండి ఇచ్చేముందు ఒక మనిషిని, మీరు కాకుండా ఇంకొకరిని, ఎంత బతిమాలైనా సరే సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ నడుస్తుండగా మెల్లగా తొక్కి పట్టుకోమని ముప్పై లెక్కపెట్టండి. వాళ్లకు పని రాకపోయినా పర్లేదు. కాలు తెలిస్తే చాలు. బండి తెచ్చినవాడు చెప్పిన మాటల్లో కొలవలేనివి ఉంటే వాటినే ముందు రాసుకోండి. ఇది చెప్తుంటే సగం మంది పంపు వైపే చూస్తుంటారు. నేనూ ఆ వయసులో సీసా మీద గీతల వైపే చూశాను కాబట్టి వాళ్ల మీద కోపం రాదు. విసుగొస్తుంది, అంతే.

రోజు విడిచి రోజు పొద్దున ఏడూ పదికి కోటయ్య కారు మా ఇంటి ముందు ఆగుతుంది. వాడు దిగడు. ఇంజన్ ఆపడు. బ్రేకు మెల్లగా తొక్కి పట్టుకుని కూర్చుంటాడు. వెనక సీట్లో సుబ్బమ్మ గారు కిటికీ లోంచి చెయ్యెత్తుతుంది. నేను వసారాలో నిలబడి లెక్కపెడతాను. ముప్పై అయ్యేసరికి వాడు కిటికీ లోంచి, “రాయే అన్నా!” అని కేకేసి బండి కదిలిస్తాడు.

మలుపు తిరిగిందాకా చూస్తాను. తర్వాత కిందికి చూసి, రెండు చెప్పులూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని లోపలికి వస్తాను.